టెలివిజన్ ముందు మన పసిపిల్లలు

(ఉగాది ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితురాలిని కాను. మనస్తత్వ శాస్త్రం చదివినదాన్ని అసలే కాను. చాట్స్‌వర్త్‌లో ముప్పై ఏళ్ళకు పైగా మొదటి తరగతి పిల్లలతో కాలం గడిపిన పంతులమ్మను. శనివారాల్లో మన తెలుగు పాఠశాలలో అక్షరాలు దిద్దించిన దాన్ని. మన కార్యదర్శిగారు ఫోను చేసి, "టెలివిజన్‌లో చూసేవి పసిపిల్లల నడవడిని ఎలా మారుస్తాయో మీరు చెప్పాలమ్మా" అని అడిగినప్పుడు నా వల్ల కాదన్నాను. ఫోను పెట్టేసిన తరువాత మా అమ్మాయి కనుబొమ మీది మచ్చ గుర్తుకు వచ్చింది. తిరిగి ఫోను చేసి ఒప్పుకున్నాను. ఆ మచ్చ కథ తెలియాలంటే, టెలివిజన్ మన ఇళ్ళకు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

ఈ దేశానికి టెలివిజన్ ఆలస్యంగా వచ్చింది. అప్పటి ప్రభుత్వానికి అదంటే భయం. తంతి తపాలా మంత్రిగా ఉన్న ఆల్బర్ట్ హెర్ట్‌జాగ్ దానిని గట్టిగా వ్యతిరేకించాడు. 1969లో మనిషి చంద్రుడి మీద కాలు మోపితే లోకమంతా చూసింది, మనం రేడియోలో విన్నాం. చివరకు 1976 జనవరి 5న ప్రసారాలు మొదలయ్యాయి. సగం ఇంగ్లీషు, సగం ఆఫ్రికాన్స్. ఈ సభలో నా వయసు వారందరూ టెలివిజన్ లేని ఇంట్లో పెరిగినవారే. టెలివిజన్ లేని ఇల్లు ఎలా ఉండేదో, వచ్చిన తరువాత ఎలా మారిందో రెండూ చూసినవాళ్ళం మనం. ఈ విషయంలో మన మాటకు కొంత విలువ ఉంది.

అది వచ్చే నాటికి మన ఇళ్ళు ఎలా ఉన్నాయో కూడా గుర్తు చేసుకోవాలి. 1860 నుంచి చెరుకు తోటలకు ఓడల మీద వచ్చిన మన పెద్దలు క్లేర్‌వుడ్‌లో, కేటో మేనర్‌లో రేకుల ఇళ్ళు వేసుకుని, ఒకే పెరటి చుట్టూ మూడు తరాలు బతికారు. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఆ పెరళ్ళను చెల్లాచెదురు చేసింది. అన్నకు చాట్స్‌వర్త్‌లో ఒక యూనిట్లో ఇల్లు దొరికితే, తమ్ముడికి కొండ అవతల ఇంకో యూనిట్లో దొరికింది. రెండు గదుల్లో అవ్వకూ తాతకూ చోటు చాలలేదు. ఆడవాళ్ళు గార్మెంటు ఫ్యాక్టరీలకు పనికి పోవలసి వచ్చింది. పిల్లల్ని చూసే పెద్ద దిక్కు ఇంట్లో లేకుండా పోయిన పదేళ్ళకు, సరిగ్గా ఆ ఖాళీలోకి టెలివిజన్ పెట్టె వచ్చి కూర్చున్నది. నేరమంతా పెట్టెదే అనుకుంటే మనం సగం కథే చెప్పినట్లు.

మా ఇంట్లో మాత్రం మా అత్తగారు మాతోనే ఉండేది. ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆఫ్రికాన్స్ ఒక్క ముక్క రాదు. దీపాలు పెట్టే వేళ పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టుకుని తెలుగులో కథలు చెప్పేది. నక్క కథలు, రాకాసి కథలు, ఓడ మీద వచ్చిన తన తల్లి కథలు. మేము టి.వి. కొన్నది 1977లో. కొన్న వారం రోజులకే కథలు ఆగిపోయాయి. పిల్లలు మెట్ల మీదికి రావటం మానేశారు. ఆమే లోపలికి వచ్చి వాళ్ళ వెనక కుర్చీ వేసుకుని కూర్చునేది. మాటలు అర్థం కావు గనుక బొమ్మల్ని చూసి అడుగుతూ ఉండేది. "వాడెందుకురా కొట్టాడు? వీడేం చేశాడు? అంత దెబ్బ తగిలితే వీడికి నొప్పి పుట్టదా?" పిల్లలు విసుక్కునేవారు. "అవ్వా, మాట్లాడొద్దు!" అనేవారు. నేను కూడా, వంటింట్లోంచే, "అత్తమ్మా, వాళ్ళని చూడనివ్వండి" అన్నాను. కొన్నాళ్ళకు ఆమె అడగటం మానేసింది. ఈ సంగతి మళ్ళీ చెబుతాను, గుర్తుంచుకోండి.

ఇక మచ్చ కథ. మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు, చెల్లెలికి మూడేళ్ళు దాటాయి. ఆ సాయంకాలం టి.వి.లో పిల్లీ ఎలుకా తరుముకునే బొమ్మల సినిమా వచ్చింది. ఎలుక పిల్లి నెత్తి మీద పెనంతో కొడుతుంది. పిల్లి మొహం పెనంలా చదునవుతుంది. తల చుట్టూ చుక్కలు తిరుగుతాయి. మరుక్షణం లేచి మళ్ళీ పరుగు. మా అత్తగారు ఆ వారం చుట్టాలింటికి వెళ్ళింది. పిల్లల్ని పెట్టె ముందు కూర్చోబెట్టి నేను వంటింట్లో ఉన్నాను. వాడు నా పక్కనుంచే వచ్చి రొట్టెల కర్ర తీసుకుపోయాడు. ఎందుకని నేను అడగలేదు. ఏడుపు విని పరుగెత్తాను. చెల్లెలి మొహం నిండా రక్తం. వాడు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి మొహంలో కోపం లేదు, భయం కూడా ఇంకా రాలేదు. ఆశ్చర్యం ఉంది. "అమ్మా, ఇది లేవటం లేదేం?" అన్నాడు.

కనుబొమ మీద అయిదు కుట్లు పడ్డాయి. దేవుడి దయవల్ల కన్ను దక్కింది. ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, ఈ హాల్లోనే మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నది. ఆ రాత్రి నేను చేసిన పని కూడా చెప్పాలి, లేకపోతే ఇది నిజాయితీ గల ప్రసంగం కాదు. అదే కర్రతో వాడిని కొట్టాను. కొట్టకూడదని కొట్టి చెప్పాను. ఒకే రోజు వాడికి ఒకే పాఠం రెండుసార్లు అందింది, ఒకటి టి.వి. నుంచి, ఒకటి తల్లి నుంచి.

"ఇది లేవటం లేదేం?" అన్న ఆ మాట నన్ను చాలా ఏళ్ళు వదలలేదు. ఉపాధ్యాయుల లైబ్రరీలో దొరికిన పుస్తకాలు తిరగేశాను. అప్పుడు తెలిసింది, ఆ మాటకు జవాబు వెతికినవాళ్ళు ఉన్నారని.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే ఆచార్యుడు 1961లో 72 మంది నర్సరీ పిల్లలతో ఒక పరీక్ష చేశాడు. గాలి ఊదిన పెద్ద బొమ్మ, అడుగున బరువు ఉంటుంది, పడదోస్తే మళ్ళీ లేస్తుంది. కొంతమంది పిల్లల ముందు ఒక పెద్దమనిషి వచ్చి ఆ బొమ్మను చెక్క సుత్తితో కొట్టి, ఎగరేసి, తన్నిపోతాడు. తరువాత పిల్లల్ని బొమ్మ ఉన్న గదిలో వదిలితే, అది చూసిన పిల్లలు అచ్చం అలాగే కొట్టారు. ఆ పెద్దమనిషి అన్న మాటలు కూడా అన్నారు. చూడని పిల్లల్లో అటువంటి అనుకరణ చాలా తక్కువగా కనిపించింది. 1963లో అదే తతంగాన్ని సినిమా తీసి చూపించారు. ఒక జట్టుకు పిల్లి వేషం వేసిన మనిషితో, కార్టూన్ మాదిరిగా చూపించారు. ఫలితం ఒకటే. ఎదురుగా చూసినా, తెర మీద చూసినా, పిల్లి వేషంలో చూసినా పిల్లలు నేర్చుకున్నారు.

1965లో చేసిన పరీక్ష ఇంకా లోతైనది. ఈసారి సినిమాకు మూడు ముగింపులు. ఒకదానిలో కొట్టినవాడికి మిఠాయిలు, మెప్పులు. ఇంకోదానిలో చీవాట్లు. మూడోదానిలో ఏమీ లేదు. చీవాట్లు పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. హమ్మయ్య అనుకుంటాం. కాని తరువాత, "వాడేం చేశాడో చేసి చూపిస్తే బహుమానం ఇస్తాం" అనగానే, మూడు జట్లూ దాదాపు సమానంగా చేసి చూపించాయి. అంటే నేర్చుకోవటం అందరూ నేర్చుకున్నారు. చేయటం మాత్రం సమయం వచ్చేదాకా ఆగింది. "మావాడు చూస్తాడే గాని ఏమీ చేయడండీ" అనే తల్లులు ఈ మాట మనసులో పెట్టుకోవాలి.

ఆ బొమ్మ కొట్టటానికే చేసింది గదా, దానిని కొట్టినంత మాత్రాన పిల్లలు చెడిపోయారనవచ్చా అని విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శ న్యాయమైనదే. పరీక్ష గదిలో జరిగింది వీధిలో జరుగుతుందని రూఢిగా చెప్పలేం. అందుకని వీధిలో ఏం జరిగిందో చూసిన రెండు ఊళ్ళ కథలు చెబుతాను.

మొదటిది కెనడాలో, కొండల నడుమ ఉన్న ఒక చిన్న ఊరు. కొండలు అడ్డం రావటం వల్ల 1973 దాకా దానికి టెలివిజన్ అందలేదు. టానిస్ విలియమ్స్ అనే ఆచార్యురాలు ఆ ఊరికి నోటెల్ అని మారుపేరు పెట్టి, టి.వి. రాకముందు ఒకసారి, వచ్చిన రెండేళ్ళకు ఒకసారి బడి పిల్లల ఆటలను గమనించింది. పోల్చటానికి అప్పటికే టి.వి. ఉన్న మరో రెండు ఊళ్ళను కూడా చూసింది. నోటెల్ పిల్లల్లో కొట్టుకోవటం, తిట్టుకోవటం రెండూ పెరిగాయి. మొదటినుంచీ దుడుకుగా ఉన్నవాళ్ళలోనే కాదు, నెమ్మది పిల్లల్లో కూడా.

రెండవది సెయింట్ హెలీనా ద్వీపం. మన ఖండానికి పడమట, మహాసముద్రం మధ్యలో, నెపోలియన్ కన్నుమూసిన చోటు. అక్కడికి ఉపగ్రహం ద్వారా టెలివిజన్ వచ్చింది 1995లో. టోనీ చార్ల్‌టన్ అనే ఇంగ్లాండు ఆచార్యుడూ, ఆయన తోటివారూ బడి ఆవరణల్లో కెమెరాలు పెట్టి, టి.వి. రాకముందూ వచ్చిన తరువాతా చిన్నపిల్లల ఆటలను చూశారు. అక్కడ కూడా తెర మీద కొట్లాటలకు కొదవ లేదు. కాని పిల్లల్లో దుడుకుతనం పెరగలేదు. ఎందుకని? అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊరు. ఇంట్లో, బడిలో, వీధిలో పిల్లవాడి మీద పెద్దవాళ్ళ కన్ను ఉన్నది. తప్పు చేస్తే ఎవరైనా ఆపుతారు. ఆ కట్టుబాటే కాపాడిందని వారు అభిప్రాయపడ్డారు.

పెట్టె ఒకటే, ఊళ్ళు వేరు, ఫలితాలు వేరు. బొమ్మకూ చేతకూ మధ్య ఏదో ఒకటి నిలబడాలి. అది నిలబడిన చోట పిల్లలు నిలదొక్కుకున్నారు.

ఇక్కడ ఒక మాట. దక్షిణ ఆఫ్రికాలో టెలివిజన్ లేని కాలాన్నీ, ఉన్న కాలాన్నీ పోల్చి, హత్యలు పెరగటానికి అదే కారణమని 1992లో ఒక అమెరికన్ వైద్యుడు వ్రాశాడు. దానిని మన దగ్గర చాలామంది ఉదహరిస్తుంటారు. నేను ఉదహరించను. ఆ ఏళ్ళలో ఈ దేశం దేనితో అట్టుడికిపోయిందో మనకు తెలుసు. 1976లో టెలివిజన్ వచ్చిన అయిదు నెలలకే సొవెటోలో బడిపిల్లల మీద తుపాకులు పేలాయి. దేశంలోని హింసనంతా ఒక పెట్టె మీదికి తోసేయటం న్యాయం కాదు. నేను మాట్లాడేది పసిపిల్లల చేతుల గురించి మాత్రమే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన పెద్దలు వదిలి వచ్చిన దేశంలో ఏం జరిగిందో మీకు తెలుసా? 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు భారత ప్రభుత్వం ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 పల్లెలకు టెలివిజన్ చూపించింది. దానిని సైట్ ప్రయోగం అన్నారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా అందులో ఉన్నాయి. ప్రసారాలు తెలుగులో వచ్చాయి. ఊరికి ఒక్కటే సెట్టు. ఉదయం బడి వేళ పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమాలు, సాయంకాలం ఊరందరికీ. ఆ సెట్టు ముందు ఏ పిల్లవాడూ ఒంటరిగా కూర్చోలేదు. పక్కన తోటిపిల్లలు, వెనక పంతులుగారు. ఇంచుమించు మనకు టెలివిజన్ వచ్చిన రోజుల్లోనే అక్కడా వచ్చింది. కాని అక్కడ ఊరి మధ్యకు వచ్చింది, ఇక్కడ తలుపులు మూసిన గదిలోకి వచ్చింది.

మళ్ళీ మా అత్తగారి దగ్గరకు వస్తాను. 2000 సంవత్సరంలో ఏమీ నేథన్‌సన్, జోవన్ కాంటర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక పని చేశారు. ప్రాథమిక పాఠశాల పిల్లలకు కొట్లాటల కార్టూన్ చూపించారు. కొందరికి ఊరికే చూపించారు. కొందరికి మాత్రం, "దెబ్బలు తింటున్నవాడి మనసులో ఏముంటుందో ఆలోచిస్తూ చూడండి" అని చెప్పి చూపించారు. ఊరికే చూసిన మగపిల్లల్లో దుడుకుతనం పెరిగింది. దెబ్బ తిన్నవాడిని తలుచుకుంటూ చూసిన మగపిల్లల్లో పెరగలేదు. కార్టూన్ అదే. మారింది ఒక్క మాట.

ఆ సంగతి చదివిన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. "అంత దెబ్బ తగిలితే వీడికి నొప్పి పుట్టదా?" ఇరవై మూడేళ్ళ క్రితం మా ఇంట్లో, బడి మొహం చూడని ఒక ముసలావిడ, ఏ పరిశోధనా చదవకుండా, రోజూ సాయంకాలం అడిగిన ప్రశ్న అదే. ఆ ప్రశ్నను నోరు మూయించినది నేను. ఆమె 1984లో పోయింది. ఆమెకు ఈ మాట చెప్పుకునే అవకాశం నాకు లేదు. అందుకని మీకు చెబుతున్నాను. మీ ఇంట్లో అవ్వ ఉంటే, ఆవిడ టి.వి. చూస్తూ ప్రశ్నలు వేస్తే, దయచేసి ఆపకండి.

చెడ్డ మాటలే చెప్పి పోతే మంచిది కాదు. పిల్లవాడికి చెడు అంటుకున్నట్లే మంచి కూడా అంటుకుంటుంది. తెర మీద ఏం చూపించారన్నదే ముఖ్యం. 1969లో అమెరికాలో మొదలైన సెసమీ స్ట్రీట్ పిల్లలను బడికి సిద్ధం చేయటానికే పుట్టింది. మన దేశంలో 2000లో దానికి తలకలాని సెసమీ అనే రూపం వచ్చింది. అందులో 2002లో కామీ అనే తోలుబొమ్మను తెచ్చారు. ఆ బొమ్మకు హెచ్.ఐ.వి. ఉంటుంది. తోటి బొమ్మలు దానితో కలిసి ఆడతాయి. నా క్లాసులో ఒక పిల్లవాడిని, వాళ్ళ అమ్మ జబ్బుతో పోయిందని, మిగతావాళ్ళు దూరంగా కూర్చోబెట్టిన రోజులవి. ఒక రోజు ఒక చిన్నపిల్ల లేచి వాడి పక్కకు వెళ్ళి కూర్చుని, "కామీని కూడా పట్టుకోవచ్చు" అన్నది. నేను నెల రోజులు చెప్పి చేయలేని పని అది.

అమెరికాలోని సియాటిల్‌లో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మూడునుంచి అయిదేళ్ళ పిల్లలున్న 565 కుటుంబాలు. ఒక సగానికి, "టి.వి. తగ్గించండి" అని చెప్పలేదు. "కొట్లాటలు తీసేసి, ఆ స్థానంలో స్నేహం, సాయం, చదువు నేర్పేవి పెట్టండి, వీలైతే పక్కన కూర్చోండి" అని మాత్రం చెప్పి, సలహాలిచ్చారు. ఆరు నెలలకు ఆ ఇళ్ళ పిల్లలు రెండో సగం పిల్లల కంటే నెమ్మదిగా, కలుపుగోలుగా ఉన్నారు. వ్యత్యాసం కొండంత కాదు. కాని పేద ఇళ్ళ మగపిల్లల్లో ఎక్కువగా కనిపించింది. అలసి ఇంటికి వచ్చే తల్లికి ఇది ఆశ కలిగించే మాట. పెట్టెను బయట పారేయనక్కరలేదు, లోపలి సరుకు మారిస్తే చాలు.

కొట్టుకోవటం లేకపోయినా జాగ్రత్త పడవలసినది ఇంకొకటి ఉంది. అది వేగం. 2011లో నాలుగేళ్ళ పిల్లలు 60 మందిని తీసుకుని, కొందరికి దృశ్యాలు వేగంగా మారే కార్టూన్ 9 నిమిషాలు చూపించారు. కొందరికి నెమ్మదిగా సాగే బొమ్మలు చూపించారు. కొందరికి రంగుపెన్సిళ్ళు ఇచ్చి బొమ్మలు వేయమన్నారు. వెంటనే చిన్న పరీక్షలు పెడితే, వేగం కార్టూన్ చూసినవాళ్ళు ఓపిక పట్టటంలోనూ, చెప్పింది గుర్తుంచుకోవటంలోనూ వెనకబడ్డారు. అది ఎంతసేపు ఉంటుందన్నది ఆ పరీక్ష చెప్పలేదు. కాని ఉదయం బడికి పంపే ముందు పిల్లకు అటువంటివి పెట్టి పాలు తాగించే తల్లులు ఆలోచించుకోవాలి. మొదటి గంటలో ఏ పిల్ల ఏం చూసి వచ్చిందో నాకు పలక పట్టుకునే తీరులోనే తెలిసేది.

ఇంకొకటి, మనం పిల్లల కోసం పెట్టనివి. వార్తలు. 2021 జూలైలో మన క్వాజులు-నాటాల్‌లో దుకాణాలు తగలబడిన వారం ఎవరూ మరచిపోలేదు. పగలూ రాత్రీ టి.వి. నడుస్తూనే ఉంది, మనకు తెలుసుకోవాలి గనుక. మా చిన్న మనమరాలికి నాలుగేళ్ళు. నేలమీద ఆడుకుంటున్నదని అనుకున్నాం. తగలబడుతున్న ఒకే దుకాణాన్ని టి.వి.లో పదేపదే చూపిస్తుంటే, అది వేళ్ళు లెక్కపెడుతున్నది. "అవ్వా, పదకొండు కాలిపోయాయి" అన్నది. దానికి ప్రతిసారీ కొత్త మంటే. తరువాత నెల రోజులు బొమ్మల కుర్చీలు తెచ్చి తలుపుకు అడ్డంగా పెట్టేది. మంచం తడిపేది. ఎవరూ దానిని కొట్టలేదు, అది ఎవరినీ కొట్టలేదు. కాని చూసింది నడవడిలోకి దిగింది.

ఇప్పుడు హాలులోని టి.వి. కూడా పాతబడింది. ప్రతి చేతిలో ఫోనే. ఆ రోజుల్లో టి.వి. ఇంటి మధ్యన ఉండేది. వంటింట్లోంచి కనీసం చప్పుడైనా వినపడేది. ఇప్పుడు పిల్లవాడు దుప్పటి కింద ఏం చూస్తున్నాడో తల్లికి తెలియదు. ఒకటి అయిపోగానే ఇంకొకటి తనంతట తానే మొదలవుతుంది. మనం పెట్టింది పాటల వీడియో, అరగంటకు నడుస్తున్నది ఇంకేదో. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర వద్దనీ, రెండునుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు ఒక గంట మించవద్దనీ, ఇంకా తగ్గితే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

తల్లిదండ్రులారా, నేను చెప్పదలచినవి అయిదే మాటలు.

మొదటిది, పిల్లవాడు చూసే ప్రతి కొత్త కార్యక్రమాన్నీ మొదటిసారి మీరు కూర్చుని పూర్తిగా చూడండి. రెండవది, ఎవరైనా దెబ్బ తింటే, "వాడికి నొప్పి పుట్టదా? వాళ్ళమ్మ చూస్తే ఏమంటుంది?" అని అడగండి. తెలుగులో అడగండి. టెలివిజన్ పెట్టె మన పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడింది గాని తెలుగు మాట్లాడలేదు. ఈ ఒక్క ప్రశ్న అయినా వాళ్ళు మన భాషలో వింటారు. మూడవది, చెడ్డదానిని ఊరికే ఆపితే ఏడుస్తారు. దాని స్థానంలో మంచిది ఒకటి చేతిలో ఉంచుకుని ఆపండి. నాలుగవది, పసివాడు గదిలో ఉండగా మీ వార్తలూ, మీ సీరియళ్ళూ పెట్టకండి. కోడలిని అత్త చెంపదెబ్బ కొట్టే దృశ్యం కూడా పాఠమే. అయిదవది, చూసి వచ్చి కొట్టిన పిల్లవాడిని కొట్టకండి. ఆ తప్పు నేను చేశాను, మీరు చేయవద్దు. దెబ్బ తిన్న బిడ్డ దగ్గరకు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి, రక్తం చూపించి, తుడవటానికి గుడ్డ వాడి చేతికే ఇవ్వండి.

మా అబ్బాయి ఇప్పుడు యాభై దాటినవాడు. చెల్లెలంటే ప్రాణం. వాడు చెడిపోలేదు. చాలామంది పిల్లలు చెడిపోరు కూడా. అందుచేత ఎవరూ హడలిపోనక్కరలేదు. కాని ఆ కర్ర అర అంగుళం కిందికి తగిలి ఉంటే, ఈ రోజు నేను మీ ముందు నిలబడి ఇంత తేలికగా చెప్పగలిగేదాన్ని కాను.

నిరుడు దీపావళికి మనమలందరూ మా ఇంటికి వచ్చారు. చిన్నది ఏదో కార్టూన్ చూస్తుంటే నేను కుర్చీ వేసుకుని వెనక కూర్చున్నాను. ఒకడు ఇంకొకడిని మేడ మీదినుంచి తోశాడు. నేను నోరు తెరవబోయేలోపే అది వెనక్కు తిరిగి, "తెలుసులే అవ్వా, నొప్పి పుడుతుంది" అన్నది. విసుక్కుంటూనే అన్నది. అయినా తెలుగులో అన్నది. నాకు అది చాలు.